అడుగునీరు

బురద తూకం వేసి జీతం తీసుకునేవాళ్లు కూడా ఉంటారంటే, నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్య నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకు లేకపోయింది. ఆ పని మా ఆయన చేశాడు. "లోకంలో అందరూ ఒకళ్ల మీద ఒకళ్లు బురద జల్లుకుంటారమ్మా. నీ కోడలు ఒక్కతే దాన్ని ఆరబెట్టి తూకం వేస్తుంది," అన్నాడు. అత్తయ్య కడుపుబ్బ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మళ్లీ అనేవాడు లేకుండా పోయి ఇన్నాళ్లయినా, తలుచుకుంటే నాకు ఇంకా మండుతూనే ఉంది.

మా ఇంట్లోంచి ముగ్గురం ఒకే ఆఫీసులో పడ్డాం. నేను లాబ్‌లో, మా మరిది కంప్యూటర్ ముందు, మా ఆయన నీళ్లలో. ఆయన్ని ఆఫీసులో అందరూ నీటికాకి అనేవారు. ఒకచోట మునిగి ఇంకోచోట తేలతాడని ఆ పేరు పెట్టారు.

మేం చేసేది ఒకటే పని. ఒడ్డుకు దగ్గర్లో సముద్రం అడుగున ఉన్న బురదని నీళ్లు ఎలా లేపుతాయి, ఎటు మోసుకుపోతాయి, ఎక్కడ దించుతాయి, అది కొలవాలి. ఓడలు వచ్చే కాలువ ఏటా పూడిపోతోందని రేవు వాళ్లు మొత్తుకుంటే మా పెద్దసారు ఈ పని నెత్తికెత్తుకున్నాడు. నీటి అడుగున ఇనుప చట్రం ఒకటి నిలబెట్టాం. మూడు కాళ్లు కాబట్టి దాన్ని ముక్కాలిపీట అంటాం. దాని మీద రెండు పరికరాలుంటాయి. ఒకటి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి నీళ్లు ఎంత సుళ్లు తిరుగుతున్నాయో చెబుతుంది. ఇంకోటి వెలుతురు పంపి నీళ్లలో మట్టి ఎంతుందో చెబుతుంది. పీట నుంచి ఒక తాడు, దాంతోపాటే తీగ, పైన తేలే డబ్బా దాకా వస్తాయి. డబ్బా మీది యాంటెనా ఆ అంకెల్ని మా మరిది గదిలోకి పంపుతుంది. పరికరం నిజమే చెబుతోందా లేదా అని తేల్చడానికి నేనున్నాను. సీసాల్లో పట్టి తెచ్చిన నీళ్లని తెల్లటి కాగితపు బిళ్లల మీద వడకట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి, తూకం వేస్తాను.

వెలుతురు పంపే అద్దానికి పాచి పడుతుంది. పాచి పట్టిందంటే నీళ్లు ఎంత తేటగా ఉన్నా పరికరం మట్టి, మట్టి అని గోల పెడుతుంది. అందుకని ఎప్పటికప్పుడు మా ఆయన దిగి అద్దం తుడిచి వచ్చేవాడు. దానికి ఆఫీసు వాళ్లిచ్చిన గుడ్డ పనికిరాదట. ఇంట్లో దిండు గలీబులే కావాలి, అవీ ఉతికి ఉతికి మెత్తబడ్డవి. ఒక ముక్క చించి మణికట్టుకి కట్టుకుని దిగేవాడు.

"ఇంట్లో దిండ్లన్నీ బట్టల్లేకుండా పడున్నాయి. ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?" అని ఆ రోజు పొద్దున కూడా అరిచాను.

"దిండ్లకి సిగ్గేంటే?" అన్నాడు, నీలం గళ్ల గలీబుని పరపరా చించుతూ. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట. మొగుడూ పెళ్లాల ఆఖరి మాట ఇంతకన్నా గొప్పగా ఉంటుందని నేనూ ఎక్కడో చదివాను. మాకు మాత్రం దిండ్లే మిగిలాయి.

అది గాలి కాలం. ఒడ్డు వెంబడి రోజుల తరబడి ఒకే వైపు గాలి వీస్తే పైనీరు సముద్రంలోకి జరిగిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి అడుగు నుంచి చల్లటి నీరు ఒడ్డు వైపు పాక్కుంటూ పైకి వస్తుంది, వస్తూ వస్తూ అడుగున ఉన్న బురదని కెలుకుతుంది. పైనీరు పోతుంది, అడుగునీరు వస్తుంది. మా ఆఫీసులో గదులు ఊడ్చే ఆవిడని అడిగినా ఈ ముక్క గడగడా చెబుతుంది. ఈ కాలం కోసమే ముక్కాలిపీట దించాం.

సరిగ్గా అప్పుడే అంకెలు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టాయి. అది నిజంగా బురదో, అద్దానికి పట్టిన పాచో మా మరిదికి తేలలేదు. "అన్నయ్యా, ఒక్కసారి దిగి తుడిచి రా. లేకపోతే సీజనంతా గంగపాలే," అన్నాడు. పడవ నడిపే సరంగు గాలి చూసి మొహం అదోలా పెట్టాడు గానీ కాదనలేదు. మా ఆయన దిగాడు, అద్దం తుడిచాడు. పైకి వచ్చేటప్పుడు నడుముకి కట్టుకున్న తాడు ఎక్కడో ఒరుసుకుని తెగింది. పడవకి దూరంగా తేలి ఒకసారి చెయ్యెత్తాడు. సరంగు పడవ తిప్పుకుని అక్కడికి వెళ్లేసరికి నీళ్లు తప్ప ఏమీ లేవు.

మర్నాడు గజ ఈతగాడు ఒకడు ముక్కాలిపీట దాకా దిగాడు. తన చెయ్యి తనకే కనబడని బురదలో పీట చుట్టూ తడిమి చూసి, ఇక్కడ ఎవరూ లేరన్నాడు. ఆ మరుసటి రోజు మా ఆయన కాలికి తొడుక్కునే రబ్బరు రెక్క ఒకటి ఎక్కడో చాలా లోపల, నడిసముద్రం వైపు తేలుతూ దొరికింది. ఇంకేముంది, పడవలన్నీ అటే పరిగెత్తాయి.

అందరూ పైనీరు వెంటే వెతికారు, ఎందుకంటే బతికున్న మనిషి పైనే ఉంటాడు. అడుగునీరు ఎటు పోతుందో మాకెవరికీ తెలియక కాదు. ఆ మాట ఎత్తాలంటే ముందు మునిగిపోయాడన్న మాట అనాలి. మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తుంటే ఆ మాట ఎవరంటారు? నోరు విప్పితే పెద్దా చిన్నా చూడననే పేరున్న నాకే నోరు పెగల్లేదు.

అత్తయ్య లెక్క అత్తయ్యకి ఉంది. "ఏదో ఓడ వాళ్లు ఎక్కించుకుని ఉంటారమ్మాయ్. ఓడ అంటే బస్సా, మధ్యలో దింపడానికి? అది ఆగే చోటు వచ్చాక ఫోన్ చేస్తాడు," అనేది. ఆయన ఇంట్లో వదిలేసిన ఫోన్‌కి రోజూ చార్జింగ్ పెట్టేది. ఫోన్ ఇక్కడుంటే ఆయన దేంతో చేస్తాడని నేను అడగలేదు. అత్తయ్య అంతటితో ఊరుకోలేదు, పాత దుప్పట్లు కత్తిరించి దిండు గలీబులు కుట్టడం మొదలుపెట్టింది. "వచ్చాక చించుకోవడానికి ఉండాలిగా," అనేది. కుట్టు మిషన్ చప్పుడు వింటుంటే నాకు పిచ్చెక్కేది. ఒకరోజు ఆపమని గట్టిగా అరిచి, ఆ తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఎక్కడున్నాడో తెలియాలి. ఉంటే ఉన్నాడని, లేకపోతే లేడని. ఈ మధ్యలో వేలాడటం నావల్ల కావడం లేదు.

మూడు వారాలకి పెద్దసారు లాబ్‌లోకి వచ్చి, బిళ్లలు ఆరబెట్టే ఓవెన్ పక్కన నిలబడ్డాడు. "అమ్మా, వెతకడం ఇవాళ్టితో ఆపేస్తారట. గాలి కూడా రేపో ఎల్లుండో తిరిగిపోతుందంటున్నారు."

"ఆపమనండి," అన్నాను. "మీ సముద్రం, మీ ఇష్టం."

పాపం, ఆయన ఏం చేశాడు? తల దించుకుని వెళ్లిపోయాడు. నేను బిళ్లలన్నీ అలాగే వదిలేసి మా మరిది గదిలోకి వెళ్లాను. ఆయన నీళ్లలో దిగిన రోజు నుంచి వాడు నా కళ్లలోకి చూడటం మానేశాడు. ఇంట్లో నేను ఒక గదిలో ఉంటే వాడు ఇంకో గదిలో తినేవాడు. తుడిచి రమ్మన్నది వాడే కాబట్టి, నేనూ వాణ్ని పిలిచి కూర్చోబెట్టలేదు.

"ఆ రోజు అంకెలు చూపించు," అన్నాను.

"ఎందుకు వదినా?"

"మీ అన్నయ్య అద్దం తుడిచినప్పుడల్లా గీత దభాల్న కిందికి దిగుతుందిగా. ఆఖరిసారి తుడిచింది చూడాలి."

ఆయన పనికి మిగిలే గుర్తు అదొక్కటే. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఏమే, చూశావా నా తుడుపు?" అని గొప్పలు పోయేవాడు. నేను చూసి కూడా చూడలేదనేదాన్ని.

మరిది తెర మీద ఆ రోజు గీత తెరిచాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా వేలితో తడుముతూ చూశాను. గీత నున్నగా, ఎక్కడా తొట్రుపడకుండా వెళ్లిపోయింది. ఆయన నీళ్లలో ఉన్న గంట మీదుగా కూడా అలాగే వెళ్లిపోయింది.

"ఏదీ?"

"కనబడదు వదినా. జల్లెడలో పోయింది."

జల్లెడ అంటే వాడి ప్రోగ్రామ్. దాని సంగతి నాకు తెలియనిది కాదు, కానీ ఆ క్షణంలో తట్టలేదు. సముద్రం అడుగున పరికరం ముందుకి చేప వస్తుంది, నాచు వస్తుంది, గాలిబుడగలు వస్తాయి. అప్పుడు చుట్టుపక్కల వాటితో పొసగని అంకెలు పడతాయి. జల్లెడ వాటిని చెత్త కింద తీసేసి, రెండు పక్కలా ఉన్న అంకెల్ని చూసుకుని మధ్యలో గీత అతికిస్తుంది. అద్దం తుడిచాక గీత ఎంత దిగిందో చూసుకుని, పాచి వల్ల పెరిగిన ఎత్తుని కూడా సర్ది సమం చేస్తుంది. అలా చెయ్యకపోతే మా పని ముందుకు సాగదు.

"అయితే మీ అన్నయ్య చెయ్యి చెత్తా?" అన్నాను.

"అలా కాదు వదినా..."

"ఎలా కాదు? తీసేసినవి ఎక్కడున్నాయో అవి తెరువు. జల్లెడ పట్టకముందువి."

తెరిచాడు. అప్పుడు కనబడింది. మెల్లగా ఎక్కుతున్న గీత, ఉన్నట్టుండి ముళ్లకంపలాంటి చుక్కల గుంపు, అది అయిపోగానే నిట్టనిలువుగా కిందికి దిగిన గీత. బుడగలు, వేళ్లు, గళ్ల గుడ్డ, అన్నీ ఆ గుంపులోనే ఉన్నాయి. తెర మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పాచి పూర్తిగా వదిలిపోయింది. ఎంత బాగా తుడిచాడో! మూడు వారాల్లో మొదటిసారి మనసారా ఏడ్చాను. మరిది అటు తిరిగి కూర్చున్నాడు.

కాసేపటికి వాడు మూసెయ్యబోతే ఉండమన్నాను. ఆయన శుభ్రం చేసి వెళ్లిన అద్దంలోంచి సముద్రం ఎలా కనబడిందో ఇంకాస్త చూడాలనిపించింది. "ముందుకి జరుపు," అన్నాను. మర్నాడు చదునుగానే ఉంది, మధ్యలో చిన్న గుంపు తప్ప. అది తడిమి చూడటానికి దిగిన గజ ఈతగాడిది. ఆ మరుసటి రోజు ఏమీ లేదు. దాని తర్వాతి రోజు మళ్లీ ముళ్లకంప కనబడింది. చాలాసేపు ఉంది, తగ్గింది, మళ్లీ వచ్చింది.

"చేపలై ఉంటాయి వదినా. పీట కింద గూడు పెడతాయి ఒక్కోసారి."

"చేపలు టైము చూసుకుని డ్యూటీకి వస్తాయా? చూడు, ఎంత దూరం దూరంగా పడుతున్నాయో."

వాడు ఇంకో గీత తెచ్చి దాని కింద పెట్టాడు. ఆటుపోట్ల గీత అది. పోటు వచ్చి నీళ్లు ఒడ్డుకి ఎక్కుతున్నప్పుడల్లా అంకెలు తేటగా ఉన్నాయి. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నప్పుడల్లా ముళ్లకంప. ఆ రోజు నుంచి నిన్నటి దాకా ఒక్క ఆటు కూడా తప్పలేదు. శబ్దం దగ్గర్లోనే దేనికో తగిలి తిరిగొస్తోంది. అదే సమయంలో వెలుతురు పూర్తిగా మూసుకుపోతోంది. పీట తాడుకి ఏదో చిక్కుకుని ఉంది. నీళ్లు అటు లాగితే అటు, ఇటు లాగితే ఇటు ఊగుతోంది. ఇటు ఊగినప్పుడు పరికరం ముందుకి వస్తోంది.

ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నాం, ఇద్దరికీ జవాబు ఒకటే వచ్చింది. అక్కడ దూరంగా మునిగిన మనిషిని చల్లటి అడుగునీరు మెల్లగా ఒడ్డు వైపు తెచ్చింది. నడుముకి సీసపు బరువుల బెల్టు ఉంది కాబట్టి పైకి తేలలేదు. తెచ్చి తెచ్చి మా పీట దగ్గరే వదిలింది. మేం పడవలేసుకుని అవతలికి వెతుక్కుంటూ పోయాం.

"వదినా," అన్నాడు వాడు. "రోజూ పొద్దున్నే వచ్చి నేను చేసే మొదటి పని ఇదే. రాత్రి వచ్చిన అంకెల మీద జల్లెడ పట్టడం. రోజూ... రోజూ నేనే అన్నయ్యని..."

నాకు ఒక్క క్షణం వాడి మెడ పట్టుకుని ఆ తెరకేసి కొట్టాలనిపించింది. అబద్ధం చెప్పను, నిజంగానే అనిపించింది. పంపించిందీ వీడే, వచ్చాక తుడిచేసిందీ వీడే. అంతలో మౌస్ మీద ఉన్న వాడి చెయ్యి చూశాను. ఆయన వేళ్లలాగే పొట్టి వేళ్లు. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఇవాళ ఆటు ఎప్పుడు?" అన్నాను.

"ఇంకాసేపట్లో."

"జల్లెడ తీసెయ్. ఉన్నదున్నట్టు రానీ."

కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. బయట ఎవరో నవ్వుకుంటూ వరండాలో నడిచి వెళ్లారు. తెర మీద ఒక్కో చుక్కా వచ్చి పడుతోంది, చదునుగా, ఒకదాని పక్కన ఒకటి. పోటు నిలిచిపోయింది. కాసేపు ఏమీ లేదు. అంతా మా భ్రమే అయితే బాగుండునని నాకు అనిపించింది. మూడు వారాలు ఎక్కడున్నాడో తెలియాలని కొట్టుకున్నదాన్ని, తెలిసే ఘడియ వచ్చేసరికి వద్దనుకున్నాను. అప్పుడు ఒక చుక్క పైకి ఎగిరింది. దాని వెనకే ఇంకోటి. ఆ వెనకే గుంపు.

"వచ్చాడు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. గాలి తిరగక ముందే పని కావాలి. గాలి తిరిగితే అడుగునీరు కూడా వెనక్కి తిరుగుతుంది, తాడు ఎన్నాళ్లు పట్టుకుని ఉంటుందో ఎవరు చెప్పగలరు? సరంగు నన్ను పడవ ఎక్కవద్దని బతిమాలాడు. "అమ్మా, నా మాట వినండి. మీరు చూడలేరు." నేను ఎక్కి కూర్చున్నాక ఇంకేమీ అనలేదు. నీళ్లు కాఫీరంగులో ఉన్నాయి. చెయ్యి ముంచితే జివ్వుమంది. గజ ఈతగాడు తేలే డబ్బా తాడు పట్టుకుని దిగాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చి ముఖానికున్న అద్దం తీసి, ఎవరి మొహమూ చూడకుండా నా వైపు చెయ్యి చాపాడు. చేతిలో నీలం గళ్ల గుడ్డ ముక్క ఉంది. బురద పట్టి, ముడి విప్పకుండానే ఉంది. ఆయన ముడి వేస్తే నేనెప్పుడూ విప్పలేకపోయేదాన్ని, కత్తెరే గతి.

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తక్కిన పని వాళ్లు చేశారు. సరంగు చెప్పింది నిజమే, నేను చూడలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య మిషన్ దగ్గరుంది. నన్నూ మరిదినీ కలిపి గుమ్మంలో చూడగానే చక్రం మీద చెయ్యి వేసి ఆపేసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. చాలాసేపటి తర్వాత, ఏడుపు సన్నగిల్లాక, అడిగింది.

"ఎక్కడున్నాడు?"

"ఒడ్డుకి దగ్గరే అత్తయ్యా. మన పీట దగ్గరే."

"ఎన్నాళ్ల నుంచి?"

అత్తయ్య చిన్నకొడుకు వైపు తిరిగింది. "మీ పరికరాలు పొద్దస్తమానం చూస్తూనే ఉంటాయంటారుగా. మరి కనబడలేదట్రా?"

వాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. నిజం చెప్పేస్తాడని నాకు అర్థమైంది. చెబితే వాడు ఈ ఇంట్లో ఇంకెప్పటికీ తలెత్తి అన్నం తినలేడు.

"ఒకటే బురద అత్తయ్యా," అన్నాను. "ఏమీ కనబడలేదు."

ఆ తర్వాత గాలి తిరిగింది. సీజన్ అయిపోయింది, ముక్కాలిపీట పైకి తీశారు. రేవు వాళ్లకి లెక్కలు పంపాల్సిన సమయం వచ్చింది. పెద్దసారు రెండుసార్లు వచ్చి ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. మూడోసారి మరిదే నా దగ్గరకి, లాబ్‌లోకి వచ్చాడు.

"వదినా, అన్నీ అయిపోయాయి. ఆ మూడు వారాలే మిగిలాయి. జల్లెడ పట్టాలి. నావల్ల కావడం లేదు. అలాగే వదిలేసి పంపేద్దామా?"

అలాగే పంపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆటు వచ్చినప్పుడల్లా ఇంత బురద లేస్తోందని ఎవరో నమ్ముతారు, ఆ లెక్కతో కాలువ తవ్వుతారు. ఆ అంకెలు బురదవి కావు, మా ఆయనవి. బురద లెక్కలో వాటికి చోటు లేదు. ఇన్నేళ్లు ఈ పని చేసి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

వెళ్లి వాడి కుర్చీలో కూర్చున్నాను. ముందు మొత్తం ఒకసారి చూశాను. తుడుపు ఉంది. ఆ తర్వాత చదును. ఆ తర్వాత ఒక్కో ఆటుకీ ఒక్కో గుంపు, ఆయన వచ్చినప్పుడల్లా ఒకటి. "జల్లెడ ఆ తుడుపు ఒక్కటీ వదిలేసి మిగతావి తీసేస్తుందా?" అని అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. పడితే అంతా పట్టాల్సిందే.

నేనే నొక్కాను. గీత మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నున్నగా వెళ్లిపోయింది. అతుకులు ఎక్కడున్నాయో వెతికాను, నాకే దొరకలేదు.